దెబ్బ నిజమే, మరి పోటీ?

పోయిన ఏడాది చలికాలంలో ఒక ఆదివారం రాత్రి హాస్టల్ పై అంతస్తు నుంచి పెద్ద చప్పుడు వినిపించి పరుగున వెళ్లాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నాలుగు పరుపులు కలిపి వేసుకుని రెజ్లింగ్ పోటీ పెట్టుకున్నారు. ఒకడు మంచం మీదికెక్కి, కింద పడుకున్నవాడి మీదికి దూకాడు. నేను వెళ్లేసరికి కింద ఉన్నవాడు మణికట్టు పట్టుకుని ఏడుస్తున్నాడు. దూకినవాడు వాడికంటే ఎక్కువగా ఏడుస్తున్నాడు. "టీవీలో వాళ్లకి ఏమీ కాదు కదా సార్. అదంతా ఉత్తిదే అన్నారు సార్" అన్నాడు వెక్కుతూనే.

అదృష్టం బాగుండి అది బెణుకే. వారంలో తగ్గిపోయింది. కానీ ఆ పిల్లవాడి మాట నన్ను వదల్లేదు. రెజ్లింగ్ నిజమని నమ్మి వాడు దూకలేదు. ఉత్తిదని నమ్మి దూకాడు. "నిజమా, ఉత్తిదా" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతే జరిగేది ఇదే. అందుకే ఈ వ్యాసం.

నాకు ఈ ఆటను చూడడం నేర్పింది ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. నా రెండో బదిలీలో ఈశాన్య రాష్ట్రాల వైపు వెళ్లినప్పుడు ఆయన మా పక్క క్వార్టర్లో ఉండేవారు. అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది. భాష కొత్త, ఊరు కొత్త. ఆయన దగ్గర జపాన్ రెజ్లింగ్ పోటీల రికార్డింగులు చాలా ఉండేవి. మొదటిరోజు నేను, "వీళ్లు ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు కదండీ, ఇందులో చూసేదేముంది?" అన్నాను. ఆయన నవ్వి, "మాస్టారూ, కొట్టే చేతిని చూడకండి. దెబ్బ తినే ఛాతీని చూడండి" అన్నారు. తర్వాత ఎన్ని బదిలీలయినా ఆ మాట నాతోనే ఉంది.

చేతి అంచు వెనక చరిత్ర

జపాన్‌లో ఈ ఆటను పురోరెసు అంటారు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ అన్న మాటను వాళ్లు కుదించుకున్న తీరు అది. దీన్ని అక్కడ ఇంటింటి మాటగా చేసినవాడు రికిదోజాన్. కొరియాలో పుట్టి, జపాన్ వచ్చి సుమో మల్లుడై, ఆ తర్వాత ఈ ఆటలోకి వచ్చాడు. 1953లో జపాన్‌లో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1954 ఫిబ్రవరిలో రికిదోజాన్, జూడో వీరుడు కిమురా మసహికో జట్టుగా షార్ప్ సోదరులతో తలపడ్డారు. అప్పటికి ఇళ్లలో టీవీలు దాదాపు లేవు. వీధుల్లో, రైల్వే స్టేషన్ల ముందు పెట్టిన టీవీల దగ్గర జనం గుంపులుగా నిలబడి చూశారు. యుద్ధంలో ఓడి, ఇంకా కోలుకుంటున్న దేశం అది. తమవాడు చేతి అంచుతో కొడితే తమకంటే భారీగా ఉన్న విదేశీయులు వెనక్కి తూలడం వాళ్లకు ఎంత ఊరటనిచ్చిందో ఊహించుకోండి.

రికిదోజాన్ 1963లో చనిపోయాడు. ఆయన శిష్యులు జెయింట్ బాబా, ఆంటోనియో ఇనోకి 1972లో వేర్వేరు సంస్థలు పెట్టారు. బాబాది ఆల్ జపాన్, ఇనోకిది న్యూ జపాన్. ఇక్కడ మన దేశానికీ ఒక సంబంధం ఉంది. పంజాబ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన టైగర్ జీత్ సింగ్, 1970లలో ఇనోకికి ప్రధాన ప్రత్యర్థుల్లో ఒకడు. తలపాగా కట్టి, కత్తి పట్టుకుని రింగులోకి వచ్చే ఆయన్ని ఆ తరం జపాన్ ప్రేక్షకులు మరిచిపోలేదు.

ఏది ముందే అనుకున్నది, ఏది కాదు?

ఎవరు గెలవాలన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఇందులో దాచాల్సిందేమీ లేదు. మన ఊళ్లలో వీధినాటకం చూసేవాళ్లకు కీచకుడు చస్తాడని తెలియదా? తెలిసే రాత్రంతా మేలుకుని చూస్తారు. ఎలా చస్తాడన్నదే ఆట.

అయితే నాటకంలో గద అట్టముక్క కావచ్చు. ఇక్కడ ఛాతీ మీద పడే చెయ్యి అసలైన చెయ్యి. దీన్ని చాప్ అంటారు. వేళ్లు దగ్గరగా కలిపి, చాచిన చేతిని పక్కనుంచి విసిరి, ఎదుటివాడి ఛాతీ మీద ఫెడేలుమని కొట్టడం. దీన్ని ఉత్తుత్తిగా కొట్టే ఉపాయం లేదు. బలంగా తగిలితేనే ఆ చప్పుడు వస్తుంది, చర్మం కందుతుంది. మరి ఛాతీ మీదే ఎందుకు? అక్కడ పరిచినట్టుగా కండ ఉంటుంది. మంట పుడుతుంది, చప్పుడు హాలు చివరిదాకా వినిపిస్తుంది. అయినా తలకో మెడకో తగిలే దెబ్బ కంటే ప్రమాదం తక్కువ. కొట్టేవాడు అది తెలిసి కొడతాడు. తినేవాడు అది నమ్మి ఛాతీ చూపిస్తాడు.

కింద పడడం కూడా ఒక విద్యే. దానికి జూడో నుంచి వచ్చిన పేరు ఉకెమి. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, వీపంతా ఒకేసారి ఆనేలా, చేతులతో నేలను చరుస్తూ పడాలి. అప్పుడు దెబ్బ ఒకచోట కాకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఎదుటివాణ్ణి పడేయడం కంటే ముందు తాము పడడం నేర్చుకుంటారు. మన హాస్టల్ పరుపుల మీద లేనిది ఆ విద్యే.

కొబాషి, ససాకి

ఇప్పుడు అసలు పోటీకి వద్దాం. 2005 జూలై 18, టోక్యో డోమ్. మామూలు రోజుల్లో అది బేస్‌బాల్ స్టేడియం. నోవా అనే సంస్థ జరిపిన ఆ కార్యక్రమంలో కొబాషి కెంటా, ససాకి కెన్‌సుకే తలపడ్డారు.

కొబాషి క్యోటో ప్రాంతంవాడు. ఒక కంపెనీలో ఉద్యోగం వదులుకుని ఆల్ జపాన్‌లో చేరాడు. 1988లో మొదటిసారి రింగులోకి దిగాక అరవైకి పైగా పోటీల్లో వరుసగా ఓడిపోయాడు. ప్రేక్షకులు అతన్ని ప్రేమించింది ఆ ఓటముల్లోనే. తర్వాత నోవాలో 2003 మార్చి నుంచి రెండేళ్లపాటు జీహెచ్‌సీ హెవీవెయిట్ బెల్టు నిలబెట్టుకున్నాడు. పదమూడు మంది సవాళ్లను కాచుకున్నాడు. అప్పటికే మోకాళ్లకు ఎన్నోసార్లు ఆపరేషన్లయ్యాయి. ససాకి ఫుకుఓకావాడు, న్యూ జపాన్‌లో పెరిగినవాడు. కొబాషి కంటే పొట్టి, కానీ రాతిగుండు లాంటి మనిషి. వేర్వేరు సంస్థల్లో ఉండడం వల్ల ఈ ఇద్దరూ ఎన్నో ఏళ్లు ఒకరికొకరు ఎదురుపడలేదు. ఆ రోజు డోమ్‌లో కూర్చున్నవాళ్లు ఎదురుచూసింది దానికోసమే.

ఈ పోటీలో అందరూ చెప్పుకునే ఘట్టం చాలా సాదాది. ఇద్దరూ రింగు మధ్యలో ఎదురెదురుగా నిలబడతారు. ఒకడు చాప్ కొడతాడు. రెండోవాడు తిరిగి కొడతాడు. మళ్లీ మొదటివాడు. అంతే. ఎగరడాలు లేవు, విసరడాలు లేవు. కానీ ఇది కొన్ని నిమిషాలపాటు ఆగకుండా సాగుతుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు విసుగొచ్చింది. "ఇదేమిటండీ, చేసిందే చేస్తున్నారు" అన్నాను. మా వ్యాయామ మాస్టారు వెనక్కి జరిపి మళ్లీ పెట్టారు. ఆయన చెప్పినట్టే ఈసారి ఛాతీ చూశాను.

మొదట్లో దెబ్బ తిన్నవాడు కదలడు. తగల్లేదన్నట్టు నిలబడతాడు. "ఇంకా కొట్టు" అని ఛాతీ ముందుకు తెస్తాడు. కాసేపటికి చర్మం ఎర్రబడుతుంది. అప్పుడు పాదం చూడండి, అర అడుగు వెనక్కి జారుతుంది. మరికాసేపటికి దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి పెరుగుతుంది. కొట్టేవాడికి కూడా ఊపిరి కావాలి. ముఖంలో కోపం పోయి ఇంకేదో వస్తుంది. నువ్వు ఆగితే నేనూ ఆగుతాను, కానీ నేను ముందు ఆగను అన్న పంతం అది. అదే దెబ్బ, కానీ రెండుసార్లు ఒకేలా లేదు. ఒకే పల్లవిని పదిసార్లు పాడినా ప్రతిసారీ కొంత తేడా చూపించే పాటగాడు గుర్తొచ్చాడు నాకు.

ఇక జనం. మొదట ప్రతి దెబ్బకీ ఓ అంటారు. తర్వాత నవ్వుతారు, ఇంకా ఎంతసేపు అన్నట్టు. ఆ నవ్వు కాసేపటికి ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే అరుపు వేరు. ఇక వాళ్లు ఎవరి పక్షమూ కాదు. ఇద్దరి పక్షమూ. నేను ఎదురుచూసేది ఆ మలుపు కోసమే.

చివరికి కొబాషి గెలిచాడు. టోక్యో స్పోర్ట్స్ పత్రిక ఆ ఏటి ఉత్తమ పోటీగా దీన్నే ఎంపిక చేసింది. కానీ ఫలితం అడిగితే నాకు ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తుంది. గుర్తుండేది రెండు ఎర్రటి ఛాతీలు.

మెచ్చుకోవడానికి హద్దు

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే నేను మీకు సగమే చెప్పినట్టు.

అదే రోజు అదే డోమ్‌లో ఆఖరి పోటీ మిసావా మిత్సుహరు, కవాడా తోషియాకి మధ్య జరిగింది. ఒకే హైస్కూల్ కుస్తీ జట్టులో మిసావా ఒక ఏడాది సీనియర్, కవాడా జూనియర్. పిల్లలూ, మీలాగే ఒక బడి పిల్లలు వాళ్లు. నోవా సంస్థను 2000లో స్థాపించింది మిసావాయే. ఈ తరంవాళ్లు ఛాతీ దెబ్బలతో ఆగలేదు. ప్రేక్షకుల ఉత్సాహం ఏటేటా పెంచడానికి, మెడ మీద, తల మీద పడేలా విసిరే ఎత్తులు కూడా వాడారు. 2003 మార్చి 1న మిసావా, కొబాషిని రింగుకు వచ్చే ఎత్తైన దారి మీద నుంచి కింద నేల మీదికి వెనక్కి విసిరాడు. ఆ పోటీ గొప్పదని చాలామంది అంటారు. నేను దాన్ని ఒకసారి చూశాను, రెండోసారి చూడలేకపోయాను.

2009 జూన్ 13న హిరోషిమాలో ఒక జట్టు పోటీలో మిసావా బ్యాక్ సప్లెక్స్ అనే ఎత్తుకు పడి లేవలేదు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఆ రాత్రే ఆసుపత్రిలో చనిపోయాడు. ఇంకో ఐదు రోజులకు నలభై ఏడు నిండేవి. అది ఆయన వేలసార్లు పడిన మామూలు ఎత్తే. కానీ ఆ మెడ అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా దెబ్బలు తింటూ వచ్చింది. ఉకెమిలో ఆరితేరినవాడని పేరున్న మనిషికే అలా జరిగింది.

కొబాషికి 2006లో మూత్రపిండంలో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక, ఏడాదిన్నర విరామం తర్వాత, 2007 డిసెంబర్ 2న తిరిగి రింగులోకి వచ్చాడు. ఆ రోజు ఓడిపోయాడు. అయినా బుడోకాన్ హాలులో జనం కళ్లనీళ్లతో చప్పట్లు కొట్టారు. 2013 మే 11న అదే హాలులో ఆటకు సెలవు చెప్పాడు.

ఇవన్నీ తెలిశాక కొబాషి, ససాకిల పోటీ నాకు ఇంకా ఇష్టమైంది. ఆ ఛాతీ దెబ్బల ఘట్టంలో ఎదుటివాడి మెడను పణంగా పెట్టకుండానే అంతమందినీ లేపి నిలబెట్టారు వాళ్లు. ఎంత గట్టిగా కొట్టాలో తెలియడం ఒక బలం. ఎక్కడ కొట్టకూడదో తెలియడం అంతకంటే పెద్ద బలం.

ఆ రాత్రి దెబ్బ తగిలించుకున్న పిల్లలిద్దరినీ మరుసటి ఆదివారం కూర్చోబెట్టి ఈ పోటీలో కొంత చూపించాను. చేతిని కాదు, ఛాతీని చూడమన్నాను. అయిపోయాక మణికట్టుకు కట్టు ఉన్నవాడు అడిగాడు: "సార్, అంత కొట్టుకున్నాక వాళ్లు మాట్లాడుకుంటారా?"

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

వాడు పక్కన కూర్చున్నవాడి వైపు చూసి, "మాట్లాడుకుంటారు సార్. నమ్మకపోతే అలా నిలబడరు కదా" అన్నాడు.

ఇది ఎవరూ ఇంట్లో, హాస్టల్లో చేసి చూడాల్సిన ఆట కాదు. ఏళ్ల తరబడి పడడం నేర్చుకున్నవాళ్ల ఆట. కానీ చూడడం మాత్రం మనమూ నేర్చుకోవచ్చు. ఈసారి టీవీలో రెజ్లింగ్ వచ్చినప్పుడు, నిజమా ఉత్తిదా అని వాదించుకునే ముందు ఒక్క నిమిషం దెబ్బ తినేవాడి వైపు చూడండి. అతను ఎవరిని నమ్మి అక్కడ నిలబడ్డాడో కనిపిస్తుంది.