దామగ్రంథి కోసం వెతుకులాట

నేలకొండపల్లి చుట్టుపక్కల ఇవాళ గుర్రం కనిపించిందంటే ఏదో పెళ్ళి బరాత్ అయ్యుంటుంది. ఊరి కథల్లో మాత్రం గుర్రాలకు కొదవ లేదు. ఇక్కడి మట్టికోట దిబ్బను జనం విరాటరాజుకు ముడిపెట్టి చెప్పుకుంటారు, కీచకగుండమూ ఇక్కడే ఉందంటారు. తవ్వకాల్లో బయటపడింది బౌద్ధ స్తూపం, విహారాలు. పైగా విరాటనగరం మాదేనని రాజస్థాన్‌లోని బైరాట్ వాళ్ళూ పట్టుబడతారు. ఆ పంచాయితీ మనకెందుకు గానీ, విరాటుడి కొలువులో జరిగిన ఒక ముచ్చట మాత్రం నడివయసులో గుర్రపుస్వారీ నేర్చుకోవాలనుకునే వాళ్ళకు పనికొస్తుంది.

అజ్ఞాతవాసంలో నకులుడు అశ్వశాలలో ఉద్యోగానికి వస్తాడు. తిక్కన గారి భారతంలో అతని మారుపేరు దామగ్రంథి, వ్యాసభారతంలో గ్రంథికుడు. నీకేం వచ్చని రాజు అడిగితే, సంస్కృత మూలంలో అతను చెప్పుకున్నవి నాలుగు: గుర్రాల స్వభావం తెలుసు, వాటికి నడవడి నేర్పడం తెలుసు, పొగరుబోతు గుర్రాన్ని దారికి తేవడం తెలుసు, జబ్బు చేస్తే వైద్యమూ తెలుసు. బ్రహ్మాండంగా స్వారీ చేస్తానన్న మాట ఆ నాలుగింట్లో లేదు.

స్వారీ నేర్పే గురువును వెతికేటప్పుడు మనం సరిగ్గా ఆ లేని మాటకే పడిపోతాం. మోకాళ్ళ దాకా బూట్లు, నల్ల కళ్ళద్దాలు, గుర్రాన్ని వెనక కాళ్ళ మీద లేపి తీయించుకున్న ఫొటో ఉంటే చాలు, ఆయనే గొప్ప గురువనుకుంటాం. స్వారీ రావడం వేరు, నేర్పడం వేరు. ముప్పై ఐదో, నలభయ్యో దాటినవాళ్ళకు నేర్పడం ఇంకా వేరు.

ఎందుకో చూడండి. పిల్లవాడు పడతానేమోనని లెక్కలు వేసుకోడు. పెద్దవాడు గుర్రం ఎక్కకముందే ఆస్పత్రి ఖర్చు, ఆఫీసు సెలవులు, ఇంట్లో వాళ్ళ దెప్పుళ్ళు అన్నీ లెక్కవేసుకుంటాడు. పైగా కుర్చీకి అతుక్కుపోయిన నడుము, బిగుసుకుపోయిన తుంటికీళ్ళు. భయం వేయగానే ఊపిరి బిగబట్టి, మోకాళ్ళతో గుర్రాన్ని నొక్కిపట్టి, పగ్గాలు గట్టిగా లాగుతాడు. కాళ్ళతో నొక్కితే గుర్రానికి ‘పద’ అని అర్థం. పగ్గం లాగితే ‘ఆగు’ అని. రెండూ ఒకేసారి చెబితే ఆ మూగజీవం ఏం చెయ్యాలి? కళ్ళెం ఇనుము ఆనేది ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య ఉండే ఖాళీలో, ఒట్టి చిగురు మీద. పట్టు కోసం మనం లాగే ప్రతి లాగుడూ అక్కడ నొప్పి. తల విదిలిస్తే, ‘గుర్రం పొగరుది’ అంటాం.

మంచి గురువు అందుకే కొత్తవాడికి మొదట్లో పగ్గాలు ఇవ్వడు. గుర్రానికి పొడవాటి తాడు కట్టి, తాను మధ్యలో నిలబడి, గుండ్రంగా తిప్పుతాడు. గుర్రాన్ని నడిపే బాధ్యత ఆయనది, కుదురుగా కూర్చోవడం ఒక్కటే మన పని. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీదికి రావాలి, మడమ కాస్త కిందికి దిగాలి. చూసేవాళ్ళకు గానుగెద్దు తిరుగుడులా, విసుగ్గా ఉంటుంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ చరిత్ర 1565 దాకా వెళుతుంది. అక్కడ చేరిన కుర్రాళ్ళు కూడా నెలల తరబడి ఇలా తాడు మీదే, రికాబులూ పగ్గాలూ లేకుండా తిరుగుతారు. మూడో రోజుకే దౌడు తీయిస్తామని ఎవరైనా మాట ఇస్తే, నా సలహా, దండం పెట్టి వచ్చేయండి.

‘రౌతు కొద్దీ గుర్రం’ అని సామెత. నేర్చుకునేవాడి విషయంలో దాన్ని తిరగేసి చదువుకోవాలి. కొత్త రౌతు బాగుపడేది గుర్రం కొద్దీ. వయసు మళ్ళిన, లోకం చూసిన, ఉలికిపాటు తగ్గిన గుర్రాన్ని కొత్తవాడి కింద పెట్టేవాడే తెలిసినవాడు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంతో దాదాపు చుట్టూ చూడగలదు, సరిగ్గా ముక్కు ముందూ తోక వెనకా మాత్రం కనపడదు. వెనక నుంచి వెళితే తన్నేది కోపంతో కాదు, భయంతో. ఈ సంగతి నేలమీద ఉండగానే నేర్పాలి. భుజం పక్కనుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళడం, ఒళ్ళు బ్రష్‌తో తోమడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం, జీను పట్టీ బిగించి నాలుగడుగులు నడిపించాక మళ్ళీ చూసుకోవడం. బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించే గడుసు గుర్రాలుంటాయి. ఆ తర్వాత జీను వదులై పక్కకు జారితే మనమూ జారతాం.

స్వారీ నేర్పే చోటికి వెళ్ళినప్పుడు గురువు ముఖం తర్వాత చూడవచ్చు, ముందు గుర్రం నోరు చూడండి. పెదవుల మూలల్లో పుండ్లున్నాయా? జీను తీసినప్పుడు వీపు మీద ఒరుపులున్నాయా? నీళ్ళ తొట్టి నిండి ఉందా? ముళ్ళ కళ్ళెం వాడటం 1965 నాటి జంతు హింస నివారణ నిబంధనల కిందే నిషేధం, అయినా పెళ్ళి గుర్రాల నోట్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. పెళ్ళి గుర్రాన్ని పట్టుకొచ్చే అన్నను ‘నాకూ నేర్పుతావా’ అని అడగాలనిపించడం సహజం. ఆయన కష్టాన్ని తక్కువ చేయను. కానీ బ్యాండు మోతలో, టపాకాయల మధ్య గుర్రాన్ని కదలకుండా నిలబెట్టడం ఒక పని, కొత్తవాడి నడుము కుదురుకునేలా చేయడం మరో పని.

గురువు మీ బరువు అడిగాడా? అడిగితే నొచ్చుకోకండి, సంతోషించండి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతుకు మించకూడదని వాడుకలో ఉన్న లెక్క. నాలుగు వందల కిలోల గుర్రమైతే ఎనభై కిలోలు. వెన్నునొప్పి ఉందా, బీపీ మాత్రలు వేసుకుంటారా అని కూడా అడగాలి. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వకూడదు, సైకిల్ హెల్మెట్ సరిపోదు. గడ్డం కింద పట్టీ ఉన్న స్వారీ హెల్మెట్టే కావాలి, తలకు గట్టి దెబ్బ తగిలితే దాన్ని మార్చేయాలి. చెప్పులతో వస్తే వెనక్కి పంపేయాలి. చిన్న మడమ ఉన్న బూటైతే పాదం రికాబులోకి దూరిపోయి ఇరుక్కోదు. ధనుర్వాతం టీకా వేయించుకున్నారా అని కూడా అడిగితే ఆయన నిజంగా దామగ్రంథి చుట్టమే, ఆ జబ్బు క్రిములకు లద్ది, మట్టి పుట్టిల్లు.

ఈ వయసులో వస్తుందా అంటారా? శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీకి వచ్చే ఐపీఎస్ ప్రొబేషనర్లలో చాలామంది అప్పటిదాకా పుస్తకాలతో కుస్తీపట్టిన వాళ్ళే. అక్కడ గుర్రపుస్వారీ శిక్షణలో భాగం. జపాన్‌కు చెందిన హిరోషి హోకెట్సు 2012 లండన్ ఒలింపిక్స్‌లో గుర్రమెక్కినప్పుడు ఆయన వయసు 71. నిజమే, ఆయన 1964లోనే ఒకసారి ఒలింపిక్స్ ఆడినవాడు. ఆ పోలిక మనకు పూర్తిగా అతకదు. కానీ ఆ వయసులో నడుము సహకరిస్తుందన్నది రుజువైంది కదా.

మన దగ్గర ఈ విద్య ఎక్కువగా సైన్యం, పోలీసు గుర్రపుదళాల నుంచి రిటైరైన ఉస్తాదుల చేతుల్లో ఉంది. గుర్రం గురించి వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయితే పరేడ్ మైదానంలో అరిచి నేర్పిన అలవాటు కొందరికి పోదు. ఇరవయ్యేళ్ళ జవాను ఆ అరుపుకు గట్టిపడతాడేమో, నలభై ఐదేళ్ళ టీచరమ్మ మాత్రం ఊపిరి బిగబడుతుంది. అది గుర్రానికి వెంటనే తెలిసిపోతుంది. కాబట్టి ‘ఎందుకు?’ అని ఒక ప్రశ్న వేసి చూడండి. కారణం చెబితే నేర్పగలడు. ‘చెప్పింది చెయ్యండి మేడమ్’ అంటే ఇంకొకరిని చూసుకోవాలి.

నేలకొండపల్లి నుంచి కోదాడ మీదుగా హైదరాబాద్ రమారమి రెండు వందల కిలోమీటర్లు. నగరం అంచుల్లో స్వారీ నేర్పే చోట్లు ఉన్నాయి. మొదటిసారి డబ్బు కట్టకండి, గుర్రం ఎక్కకండి. తెల్లవారుజామున మేత వేసే వేళకు వెళ్ళి ఓ మూల నిలబడండి. నేర్పే మనిషి శాలలోకి నడిచి వస్తాడు. అప్పుడు ఆయన్ని చూడకండి, గుర్రాల చెవులు చూడండి. ఆయన వైపు నిక్కి నిలబడితే అక్కడ చేరండి. వెనక్కి మెడకు అతుక్కుపోతే మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేయండి.