సీసపు బ్యాటరీ లెక్క లిథియమునకు చెల్లదు

వరంగల్లు రోడ్డు మీదుగా వచ్చు రైతులకు ఘట్‌కేసరు దాటిన పిదప ఉప్పలే హైదరాబాదు ముఖద్వారము. దాని ప్రక్కనే నాచారము పారిశ్రామికవాడ. విత్తనాలకో, మోటారు బాగుచేయించుటకో ఇటు వచ్చినప్పుడు, పొలము దగ్గర దీపాలకని సోలారు పలకలు, లిథియం బ్యాటరీ కొనిపోవువారును కలరు. కొన్న సామాను మంచిదే కావచ్చును. కాని పలకలకు, బ్యాటరీకి నడుమ గోడకు బిగించు చిన్న పెట్టె, అనగా ఛార్జి కంట్రోలరు, చాల రకములలో సీసపు బ్యాటరీకి తగిన అంకెలతోనే కార్ఖానానుండి వచ్చును. వాటిని మార్చకుండ బిగించినచో ఎనిమిది, పదేండ్లు పనిచేయదగిన బ్యాటరీ ముందుగానే చెడును. మార్చుట పది నిమిషముల పని.

మొదట ఒక మాట. బోరు మోటారుకొరకు బ్యాటరీ కొనదలచినవారు ఆ ఆలోచన మానుకొనుట మేలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. తీగ అందని పొలములకు సోలారు పంపులున్నవి. అవి ఎండ ఉన్నంతసేపు నేరుగా నడచును, తొట్టిలో నిలిచిన నీరే వాటి బ్యాటరీ. బ్యాటరీ అవసరమగునది రాత్రి పనికి: పశువుల కొట్టములో దీపాలకు, కావలి గుడిసెలో ఫ్యానుకు, కంచె యంత్రమునకు. పంచాయతీ సోలారు వీధిదీపాలలోను ఇట్టి కంట్రోలరే ఉండును గనుక పంచాయతీ కార్యదర్శులు కూడ ఈ సంగతి తెలిసికొనదగును.

కంట్రోలరు పని చెరువుకు నీరు వచ్చు కాలువ తలుపు వంటిది. ఎంత రానీయవలెనో, ఎప్పుడు ఆపవలెనో అది చూచును. లిథియం బ్యాటరీ లోపల బి.ఎం.ఎస్. అను మరొక కాపలా పలక ఉండును. అది అలుగు వంటిది. కట్ట తెగకుండుటకు అలుగు ఉండవలసినదే. కాని ప్రతిరోజు అలుగు పారునట్లు చెరువు నింపు నీరటికాడు ఉండడు. “బి.ఎం.ఎస్. ఉన్నది, అదే చూచుకొనును” అను అమ్మకందారుని మాట నమ్మి కంట్రోలరును వదలివేయకూడదు. బి.ఎం.ఎస్. హఠాత్తుగా తెంచినప్పుడు పలకల విద్యుత్తుకు పోవు దారి లేక కంట్రోలరే దెబ్బతినవచ్చును.

అంకెలు పెట్టుటకు ముందు మీ బ్యాటరీ ఏ జాతిదో చీటి చూచి తెలిసికొనుడు. లిథియం అనగా ఒకటే కాదు. ఇంటికి, పొలమునకు తగినది లిథియం ఐరన్ ఫాస్ఫేటు. ఈ పదార్థమును బ్యాటరీకి పనికివచ్చునని చూపినవారిలో ముఖ్యుడైన జాన్ గుడినఫ్‌కు లిథియం బ్యాటరీల కృషికిగాను 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. ఇందులో ఒక్కొక్క గడి 3.2 వోల్టులు, నాలుగు గడులు కూడిన 12.8, పదహారు కూడిన 51.2 అను అంకె చీటిపై ఉండును. ఎలక్ట్రిక్ స్కూటర్లలోనుండి తీసిన పాత బ్యాటరీలు చవుకగా దొరకును గాని, వాటిలో చాలవాటి జాతి వేరు. పదమూడు గడుల అట్టి బ్యాటరీని కూడ “48 వోల్టులు” అనియే పిలుతురు, అది 54.6 వోల్టులకే పూర్తిగా నిండును. దానికి ఐరన్ ఫాస్ఫేటు అంకె అయిన 56.8 పెట్టినచో ఒక్కొక్క గడిపై 4.37 వోల్టులు పడును, గరిష్ఠము 4.2 మాత్రమే. ఇది బ్యాటరీ చెడుటతో పోదు, కొట్టమునకు నిప్పంటుకొనును. చీటి లేని బ్యాటరీని కొనకుడు.

ఇక నాలుగు గడుల ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీకి పెట్టవలసిన అంకెలు. కంట్రోలరులో రకము అని ఉన్నచోట “యూజర్” లేదా “లిథియం” ఎంచుకొనుడు. నింపు వోల్టేజి, అనగా అబ్సార్ప్షన్, 14.2. నిండిన తరువాత నిలుపునది, ఫ్లోట్, 13.5. అడుగంటినప్పుడు తెంచునది 12.0, తిరిగి కలుపునది 12.8. పదహారు గడులైనచో ఈ అంకెలన్నిటిని నాలుగింతలు చేయుడు: 56.8, 54.0, 48.0, 51.2. తయారీదారు చీటిపై వేరుగా ఉన్నచో ఆ చీటినే అనుసరింపుడు. బ్యాటరీ ఓర్చుకొను గరిష్ఠము 14.6 గదా, అంతవరకు ఏల నింపరాదని అడుగువారున్నారు. ఆ చివరి కొసరులో చేరు విద్యుత్తు బహు స్వల్పము, గడులపై పడు ఒత్తిడి ఎక్కువ.

రెండు సదుపాయములను తప్పక ఆపివేయవలెను. ఒకటి ఈక్వలైజ్. సీసపు బ్యాటరీలో ఆసిడ్ కలియబారుటకు అప్పుడప్పుడు 15 వోల్టులకు అటూ ఇటూగా ఎక్కించుట మంచిదే. లిథియమునకు అదే చేసినచో కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. రెండవది ఉష్ణోగ్రత సవరణ. 12 వోల్టుల సీసపు బ్యాటరీకి డిగ్రీ ఒక్కంటికి సుమారు 24 మిల్లీవోల్టుల సవరణ ఉండును. పుష్యమాసపు ఉదయమున చలి 10 డిగ్రీలకు దిగినదనుకొనుడు. అది 25 డిగ్రీలకంటె 15 తక్కువ. కంట్రోలరు తనంతట తాను 0.36 వోల్టు పెంచును. సీసపు అంకె 14.4 అలాగే ఉన్నచో 14.76 అగును, గరిష్ఠము దాటును. సవరణను సున్నకు పెట్టుడు.

ఇన్వర్టరు ఉన్నవారు ఇంకొకటి గమనింపవలెను. దానిని నేరుగా బ్యాటరీకే కలుపుదురు గనుక కంట్రోలరులో పెట్టిన 12.0 దానిని తెంచదు. ఇన్వర్టరులోను ఆ అంకెను వేరుగా పెట్టవలెను.

పలకల సంగతి. వంద ఆంపియర్-అవరు బ్యాటరీలో 1,280 వాట్-అవర్లు ఉండును. వెయ్యి వాడుకొనుడు, మిగిలినది నిలువగా ఉండనిండు. తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, ముప్పది వాట్ల ఫ్యాను ఒకటి పది గంటలు నడచిన 660 అగును. 330 వాట్ల పలక ఒకటి మబ్బు లేనినాడు దీనిని నింపగలదు. అయితే కంట్రోలరు ఎం.పి.పి.టి. రకముదై, 30 ఆంపియర్లది కావలెను. చవుక పి.డబ్ల్యు.ఎం. రకమునకు ఈ పలకను కలిపినచో అది పంపునది తొమ్మిది ఆంపియర్లలోపే. పలక శక్తిలో మూడింట రెండు వంతులు వృథా. దుకాణములో ఆదా అయిన సొమ్ము రోజూ ఎండలో పోవును.

పెద్ద ఏర్పాటులో పలకలను వరుసగా కలుపువారు చలికాలమును మరువకూడదు. చలిలో పలక వోల్టేజి పెరుగును. భారము లేనప్పుడు 49 వోల్టులు ఇచ్చు పలకలు మూడు కలిపిన 147. కంట్రోలరు 150 వరకు ఓర్చును గదా అనిపించును. 10 డిగ్రీల చలిలో తెల్లవారగనే అదే 153 దాటి కంట్రోలరు కాలును. రెండే కలుపుడు.

బిగించునప్పుడు ముందు బ్యాటరీని, తరువాత పలకలను కలుపవలెను. విప్పునప్పుడు ముందు పలకలను తీయవలెను. బ్యాటరీ వద్దనే డి.సి. ఫ్యూజు ఉండవలెను, ఇంటి ఏ.సి. ఫ్యూజు దీనికి పనికిరాదు. పాత సీసపు బ్యాటరీని లిథియముతో జతగా కలుపరాదు. రేకుల కప్పు క్రింద బ్యాటరీని ఎత్తున పెట్టకుడు. మే నెలలో అక్కడ వేడి 45 డిగ్రీలు దాటును, బి.ఎం.ఎస్. ఛార్జిని ఆపివేయును. ఉత్తరపు గోడ ప్రక్కన, గాలి ఆడు చోట, గచ్చుపై ఇటుకలు పేర్చి పెట్టుడు.

కంట్రోలరు తెరపై కనబడు నాలుగు గీతలను నమ్మకుడు. ఈ బ్యాటరీ వోల్టేజి నిండు సగమైనను, పావైనను 13 దరిదాపులలోనే ఉండును. గీతలు సీసపు లెక్కన వేసినవి. ఎంత మిగిలినదో తెలియవలెనన్నచో ఆంపియర్లను లెక్కించు మీటరు విడిగా పెట్టించుకొనుడు.

పెట్టిన అంకెలన్నిటిని తేదీతో కాగితముపై వ్రాసి కంట్రోలరు ప్రక్కన అంటించుడు. బాగుచేయ వచ్చినవాడు మీట నొక్కి పాత అంకెలకు మార్చిపోవుట కద్దు. మూడవనాటి మధ్యాహ్నము బ్యాటరీ కొనల వద్ద మల్టీమీటరు పెట్టి చూడుడు. తెరపై 14.2 ఉండి మీటరులో 13.8 కనబడినచో తీగ సన్నమైనను అయి ఉండును, బిగింపు వదులైనను అయి ఉండును. పలకలను విడదీసిన పిదపనే దానిని సరిచేయుడు.