ఎండలో మొరాయించే చైన్ మిషను: ఆయిల్ చల్లగా వుంటేనే కోత సాగుతుంది

మాడుగులపల్లి: యాసంగి వరి కోతకు వచ్చేసరికి ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మరోవైపు ఏ సాయంత్రం మబ్బు పట్టి అకాల వర్షం కురుస్తుందోనన్న దిగులు రైతును పీడిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కోత మిషను మడి మధ్యలో కదలక మొరాయిస్తే నష్టమంతా రైతుదే. ముగ్గిన కంకుల నుంచి వడ్లు రాలిపోతాయి. వర్షంలో తడిస్తే తేమ పెరుగుతుంది. తేమ నూటికి 17 పాళ్లు మించిన వడ్లను కొనుగోలు కేంద్రాల్లో తీసుకోరు. ఈ ముప్పుకు దారి తీసే కారణాల్లో ఒకటి మిషనులోని ఆయిల్ వేడెక్కడం. దీనిని చాలామంది పట్టించుకోవడం లేదు.

నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి సాగు విస్తరించింది. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరు వచ్చింది. నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డుపై వున్న మాడుగులపల్లి 2016లో మండల కేంద్రమైంది. కోతల కాలంలో ఈ రోడ్డు మీద వడ్ల లారీలు, కోత మిషన్లను మోసుకుపోయే డీసీఎంలు వరుస కడతాయి. కొడవలి కోతలు తగ్గిపోయిన ఈ రోజుల్లో మిషను మీదనే రైతు ఆధారపడవలసి వస్తున్నది. టైర్ల మిషను దిగబడే బురద మడుల్లో రబ్బరు చైన్ల మిషనే దిక్కు.

క్లచ్చి లేని బండి

చాలా చైన్ మిషన్లలో పాత లారీకి వున్నట్లు నడిపేటప్పుడు మాటిమాటికి క్లచ్చి తొక్కి గేరు మార్చే పని వుండదు. ఒక లివరు ముందుకు నెడితే మిషను ముందుకు పోతుంది. వెనక్కు లాగితే వెనక్కు వస్తుంది. డ్రైవర్లు దీనిని హెచ్‌ఎస్‌టి అంటారు. డీజిల్ ఇంజను ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ను గట్టి వత్తిడితో ఒక మోటారులోకి నెడుతుంది. ఆ మోటారు తిరిగితే, దాని బలం మిగతా గేర్ల ద్వారా చైన్లకు అందుతుంది. అంటే ఇంజనుకు, చైన్లకు నడుమ బలాన్ని మోసేది ఆయిలే.

ఆటోమేటిక్ గేరు వున్న కార్లు, లారీలలో చాలావాటికి కూడా ఆయిలే ఆధారం. ఆయిల్ ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టరుకు జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో బాట వేశాడు. పద్ధతి వేరైనా రెండింటికీ శత్రువు ఒకటే. అది వేడి. మామూలు పళ్ల గేర్లలో ఒక్కో జతలో పోయే బలం నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. హెచ్‌ఎస్‌టిలో నూటికి 15 నుంచి 30 పాళ్ల వరకు వేడిగా మారిపోతుంది. బురద ఎక్కువై మిషను బలంగా లాగినకొద్దీ ఈ వేడి పెరుగుతుంది.

మధ్యాహ్నం ఎందుకు నీరసిస్తుంది?

వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది. పలచబడిన ఆయిల్ పంపులో, మోటారులో లోలోపలే జారిపోతుంది. పొద్దున అవలీలగా గట్టు ఎక్కిన మిషను మధ్యాహ్నం అదే గట్టు దగ్గర ఆగిపోతే, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ బాగానే నడిస్తే, ముందుగా అనుమానించవలసింది ఆయిల్ వేడినే. ఇంజను విప్పించి డబ్బు పోసే ముందు దీనిని చూసుకోవాలి.

సుమారు 80 డిగ్రీలు దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడి లీకులు మొదలవుతాయి. ఆపైన పెరిగే ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఎండాకాలం బాధ ఇంకొకటి వున్నది. ఆయిల్ 80 డిగ్రీల వద్ద, బయటి గాలి 30 డిగ్రీల వద్ద వుంటే తేడా 50 డిగ్రీలు. గాలి 43 డిగ్రీలైతే తేడా 37 డిగ్రీలే. అంటే కూలరు ఎంత శుభ్రంగా వున్నా దాని పని పావు వంతు తగ్గిపోతుంది. దానికి దుమ్ము కూడా తోడైతే చెప్పనక్కరలేదు.

జాలీ నిండితే గాలి ఆడదు

కోత మిషను చుట్టూ ఎప్పుడూ పొట్టు, గడ్డి, దుమ్ము లేస్తూనే వుంటాయి. ఫ్యాను గాలిని లాగినప్పుడు అవన్నీ జాలీకి, దాని వెనుక రేడియేటరు రెక్కలకు పట్టుకుంటాయి. కొన్ని మిషన్లలో ఆయిల్ కూలరు రేడియేటరు పక్కనే వుంటుంది. మరికొన్నిటిలో హెచ్‌ఎస్‌టి మీదనే చిన్న ఫ్యాను వుంటుంది. ఏదైనా సరే, గాలి ఆడకపోతే వేడి బయటకు పోదు.

కోత జోరుగా సాగేటప్పుడు మధ్యమధ్య మిషను ఆపి జాలీ దులపాలి. ఇంజను ఆపకుండా ఫ్యాను దగ్గర, బెల్టుల దగ్గర చేయి పెట్టరాదు. రోజుకొకసారి ఏర్ కొట్టించాలి. గాలిని లోపలి వైపు నుంచి బయటికి కొడితేనే దుమ్ము వచ్చిన దారినే పోతుంది. మరీ వత్తిడితో కొడితే రెక్కలు వంగిపోతాయి. సైలెన్సరు దగ్గర చేరిన గడ్డిని కూడా తీసివేయాలి. అది వేడికి అంటుకుంటే మిషనుతోపాటు పంటకూ నిప్పు ప్రమాదమే.

ఆయిల్ లెవెల్ రోజూ పొద్దున చూడాలి. ఆయిల్ నల్లబడి మాడిన వాసన వస్తే వేడికి చెడినట్లు. పాలలాగా తెల్లబడితే నీరు కలిసినట్లు. ఆయిల్, ఫిల్టరు మార్చే గంటలు మిషనుతో వచ్చిన పుస్తకంలో వుంటాయి. కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోయాలి. అందుబాటులో వున్నదేదో కలిపి పోస్తే కోత ముగిసేలోగా పంపు మీదికే వస్తుంది.

సొంత మార్పులతో జాగ్రత్త

మిషను జోరు పెంచాలని డీజిల్ పంపు సెట్టింగు మార్పించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంజను బలం పెరుగుతుంది గాని కూలరు పెరగదు. పెరిగిన బలమంతా ఆయిల్ మీదనే పడుతుంది. అదనంగా ఆయిల్ కూలరు బిగిస్తే ప్రయోజనం వుంటుంది. అయితే దానిని వత్తిడి వున్న పైపు మీద కాక, ఆయిల్ ట్యాంకుకు తిరిగివచ్చే పైపు మీదనే, దుమ్ము తక్కువ తగిలే చోట బిగించాలి. సన్నపైపు వేస్తే ఆయిల్ దారి మూసుకుపోతుంది. గ్యారంటీలో వున్న మిషనుకు కంపెనీ మెకానిక్‌ను అడగకుండా మార్పులు చేయరాదు.

అన్నిటికంటె చవకైన మందు నిదానం. బురద మడిలో లివరు పూర్తిగా నెట్టక మెల్లగా నడపాలి. చైన్లు దిగబడితే అదేపనిగా ముందుకు వెనక్కు లాగరాదు. వేడి గుర్తు వెలిగితే చెట్టు నీడన నిలిపి చల్లారనివ్వాలి. మిషను గంటల లెక్కన మాట్లాడుకున్న రైతు కూడా ఆ పది నిమిషాలకు తొందర పెట్టకుండా, జాలీ దులిపే సమయాన్ని లెక్కలో కట్టకుండా డ్రైవరుతో ముందే మాట అనుకోవడం మంచిది. వర్షం ముంచుకొచ్చిన రోజున పంపు పాడైతే స్పేరు పార్టు కోసం పట్నానికి పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.