టాక్సిన్ అంటే ఎవరో పెట్టిన విషమా?



జ్వరంతో సొమ్మసిల్లిన బిడ్డను చూసి డాక్టరుగారు "టాక్సిక్‌గా ఉన్నాడు" అని సిస్టరుతో అంటారు. పక్కనున్న అమ్మమ్మ ఆ మాట విని, "నా మనవడికి విషం ఎవరు పెట్టారయ్యా!" అని ఏడుపు అందుకుంటుంది. సాయంత్రానికి ఇరుగుపొరుగు మీద అనుమానం, మరునాటికి తగవు. మా వార్డుల్లో ఇది కొత్త కాదు. అందుకే ఈసారి ఈ మాట గురించే రాస్తున్నాం.

గ్రీకు భాషలో 'టాక్సన్' అంటే విల్లు. బాణాల మొనలకు పూసే విషాన్ని 'టాక్సికాన్ ఫార్మకాన్', అనగా 'వింటి మందు' అనేవారు. రానురాను రెండో మాట జారిపోయి, టాక్సికాన్ అంటేనే విషం అయింది. విల్లు పోయి విషం మిగిలిందన్నమాట! యోబు గ్రంథము 6వ అధ్యాయము చదివినవారికి విషపు అంబుల సంగతి తెలిసినదే.

'టాక్సిన్' అనే మాట 19వ శతాబ్దం చివర్లో పుట్టింది. ప్రాణమున్నవి తమలో తయారుచేసుకునే విషానికి ఆ పేరు. పాము కోరలోది, ధనుర్వాతపు క్రిమి గాయంలో చేరి విడిచేది టాక్సిన్లే. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలకు విరుగుడు సీరంలో దొరుకుతుందని చూపించారు. టాక్సిన్‌కు హానిచేసే గుణం తీసేస్తే అది టాక్సాయిడ్. గర్భిణులకు వేసే టి.డి. సూదిలో ఉండేది ఇదే. భయపడవలసిన పని లేదు.

కాబట్టి జ్వరంతో వచ్చిన బిడ్డ టాక్సిక్‌గా ఉన్నాడంటే, ఇన్ఫెక్షన్ ముదిరి బాగా వాడిపోయాడని అర్థం. పక్కింటివారి పులుసుతో దానికి సంబంధం లేదు.

ఇంకొక సంగతి. గ్రీకువారికి ఫార్మకాన్ అంటే ఔషధమూ అదే, విషమూ అదే. మనకూ అంతే కదా! జ్వరానికి మందు, చేనుకు మందు, సీసాలో మందు (ఆ మూడోదాని గురించి మరోసారి రాస్తాం). అర్ధరాత్రి ఆటోలో తీసుకొచ్చి "మందు తాగాడండీ" అంటే ఏ మందని మేము అనుకోవాలి? పురుగుమందులన్నిటికీ ఒకే విరుగుడు లేదు, కొన్నిటికి విరుగుడే లేదు. డబ్బా గానీ, దాని మీది లేబులు గానీ కవరులో పెట్టి తీసుకురండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి; అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకు తాగావని దారిలో నిలదీయకండి. డబ్బా వెదకడానికి ఆలస్యం చేయక ముందు మనిషిని చేర్చండి, వెనుక ఒకరిని ఇంటికి పంపండి.