విమాన ప్రయాణంలో ఏ సీసా ఎక్కడ?

అంతర్జాతీయ విమానాల్లో చేతి సంచిలో తీసుకెళ్లే ద్రవం ఏదైనా 100 మిల్లీలీటర్లకు మించని సీసాలో ఉండాలి. ఆ సీసాలన్నీ లీటరు పట్టే ఒక పారదర్శకమైన జిప్ కవరులో ఇమడాలి. మనిషికి ఒక్క కవరే. భారత్‌తో సహా చాలా దేశాల్లో అమలవుతున్న నియమం ఇది.

దీని వెనుక ఒక కుట్ర ఉంది. లండన్ నుంచి అమెరికా, కెనడాలకు వెళ్లే విమానాలను కూల్‌డ్రింక్ సీసాల్లో దాచిన ద్రవ పేలుడు పదార్థంతో కూల్చాలన్న పథకాన్ని 2006 ఆగస్టులో బ్రిటన్ పోలీసులు భగ్నం చేశారు. అందులో వాడాలనుకున్నది హైడ్రోజన్ పెరాక్సైడ్. సీసాలో ఉన్నది నీళ్లా, పేలుడు పదార్థమా అన్నది అప్పటి ఎక్స్‌రే యంత్రాలు నమ్మకంగా తేల్చలేకపోయేవి. మొదట దాదాపు అన్ని ద్రవాలనూ క్యాబిన్‌లోకి రాకుండా ఆపేశారు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా, నవంబరులో ఐరోపా సమాఖ్య చిన్న సీసాల పద్ధతికి వచ్చాయి.

చాలామంది పొరబడేది కొలత దగ్గరే. లెక్కలోకి వచ్చేది సీసా పరిమాణం, అందులో మిగిలిన సరుకు కాదు. 200 మిల్లీలీటర్ల షాంపూ సీసా అడుగున నాలుగు చుక్కలే ఉన్నా దాన్ని పక్కన పెట్టేస్తారు. సగం పిండేసిన పెద్ద టూత్‌పేస్ట్ ట్యూబుకూ అదే గతి. ఇక ద్రవమంటే నీళ్లలా పారేది మాత్రమే కాదు. పేస్టు, క్రీము, జెల్, స్ప్రే అన్నీ ఆ లెక్కలోవే. నూనె తేలే ఆవకాయ, గోంగూర పచ్చడి, తేనె, పేరుకున్న నెయ్యి కూడా అంతే. ఇంట్లోవాళ్లు ప్రేమగా కట్టిచ్చిన పచ్చడి జాడీని సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావడం ఎంత బాధో పడినవారికే తెలుస్తుంది. దాని చోటు చెకిన్ లగేజీయే. సబ్బుబిళ్లకు, పళ్లపొడికి ఈ నియమం వర్తించదు. అయితే అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి పొడుల మీదా నిఘా పెరిగింది. 350 మిల్లీలీటర్ల డబ్బాకు మించిన పొడి చేతి సంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, అనుమానం తీరకపోతే రానివ్వరు. కాబట్టి కందిపొడి, కారం, పసుపు పొట్లాలూ పెద్ద పెట్టెలోకే వెళ్లడం మంచిది.

పెట్టెలో పెట్టినంత మాత్రాన పని అయిపోదు, కారకుండా చూసుకోవాలి. విమానం ఎత్తులో ఎగురుతున్నప్పుడు లోపలి గాలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. దాంతో సీసాలో చిక్కుకున్న గాలి ఉబ్బి, మూత సందుల్లోంచి ద్రవాన్ని బయటికి నెడుతుంది. నిండు సీసా కంటే సగం ఖాళీ అయిన సీసా ఎక్కువ కారేది ఇందుకే. మెత్తటి ప్లాస్టిక్ సీసా అయితే కొద్దిగా నొక్కి గాలి పోగొట్టి, ఆ నొక్కు మీదే మూత బిగించాలి. మూత తీసి సీసా మూతి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి మళ్లీ బిగిస్తే ఇంకా గట్టి. విదేశాలకు వెళ్లేవారికి పచ్చళ్ల దుకాణాలు వాక్యూమ్ ప్యాకింగ్ చేసి ఇవ్వడంలోనూ ఇదే కిటుకు ఉంది: గాలి తీసేసిన ప్యాకెట్‌లో ఉబ్బడానికి దాదాపు ఏమీ ఉండదు. ఆ ప్యాకెట్లను మరో కవరులో చుట్టి బట్టల మధ్య పెట్టాలి.

చెకిన్ లగేజీకీ హద్దులున్నాయి. సెంటు, డియోడరెంట్, హెయిర్ స్ప్రే వంటివి ఒక్కొక్కటి అర లీటరు లేదా అర కిలో, అన్నీ కలిపి రెండు లీటర్లు లేదా రెండు కిలోలు దాటకూడదు. స్ప్రే మీట అనుకోకుండా నొక్కుకుపోకుండా మూత ఉండాలి.

మందుల విషయం వేరు. ప్రయాణంలో అవసరమయ్యే సిరప్పులు, ఇన్సులిన్, పసిబిడ్డల పాలు 100 మిల్లీలీటర్లు దాటినా చేతి సంచిలో అనుమతిస్తారు. తనిఖీలో ముందే చెప్పి, మందులకైతే డాక్టరు చీటీ చూపించాలి. ఇన్సులిన్‌ను మాత్రం పెద్ద పెట్టెలో పెట్టనేకూడదు. గడ్డకడితే అది పనికిరాదు, పెట్టె దారితప్పితే ప్రాణానికే ముప్పు.

భారత్‌లోని దేశీయ విమానాల్లో ఇంత పట్టింపు ఉండదు, నీళ్ల సీసాను మామూలుగా రానిస్తారు. కానీ ఢిల్లీలోనో ముంబయిలోనో అంతర్జాతీయ విమానం మారేవారికి అక్కడి తనిఖీలో 100 మిల్లీలీటర్ల లెక్క తప్పదు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాలను రసీదుతో సహా సీలు చేసిన సంచిలో ఇస్తారు. గమ్యం చేరేదాకా దాన్ని తెరవకూడదు. దుబాయ్ మీదుగా న్యూయార్క్ చేరి అక్కడి నుంచి డాలస్ వెళ్లేవారు న్యూయార్క్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. పెట్టె చేతికొచ్చిన ఆ కాసేపట్లోనే డ్యూటీ ఫ్రీ సీసాను అందులో సర్దేసుకోవడం క్షేమం.

కొత్త తరం సీటీ స్కానర్లు వచ్చాక బ్రిటన్, ఐరోపాల్లోని కొన్ని విమానాశ్రయాలు రెండు లీటర్ల సీసాలనూ అనుమతిస్తున్నాయి. తిరుగు ప్రయాణంలోనో, మధ్యలో మారే చోటో పాత యంత్రమే ఉండవచ్చు గనక దారిలో తగిలే ప్రతి విమానాశ్రయం నియమాన్నీ ముందే చూసుకోవాలి.