కనిపించని దొంగ, చట్టం చూపే దారి

మిర్యాలగూడ బియ్యపు మిల్లు, సూర్యాపేట కమీషన్ దుకాణము, కోదాడ ఎరువుల వ్యాపారి, వీరి లెక్కలు నేడు కంప్యూటరులోనికి చేరినవి. తాళము పగులకుండనే సొమ్ము పోవు కాలమిది. అట్టి దాడికి గురియైన వ్యాపారికి చట్టము ఏ దారులు చూపుచున్నదో మేమిచట సంగ్రహముగా వివరింపదలచితిమి.

మొదటిది, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుట. సొమ్ము చేతులు మారకముందే ఖాతాలను స్తంభింపజేయు అవకాశము దీనివలన కలుగును. రెండవది, పోలీసు ఫిర్యాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66వ సెక్షను ప్రకారము నేరస్థునకు మూడేండ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మూడవది, 43వ సెక్షను క్రింద నష్టపరిహారము. 5 కోట్ల వరకు గల దావాలను చట్టము నియమించిన న్యాయనిర్ణయాధికారి విచారించును. అంతకు మించినచో సివిలు కోర్టు. అంతేకాని దొంగ కంప్యూటరులో మనము చొరబడి పగ తీర్చుకొనుటకు చట్టము అనుమతింపదు, అదియు నేరమే.

అయితే బాధితునకు హక్కులతోపాటు బాధ్యతలును కలవు. 2022 ఏప్రిల్ నాటి కేంద్ర ఆదేశముల ప్రకారము సంస్థలు దాడి సంగతిని 6 గంటలలో సెర్ట్-ఇన్‌కు తెలుపవలెను. కంప్యూటరు నమోదులను 180 దినములు భద్రపరచవలెను.

2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్లకు పైగా సొమ్మును దొంగలు మళ్ళించిరి. సైబరు భద్రతా నియమములను పాటింపనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకునకే 65 లక్షల జరిమానా విధించినది.

రేపు ఈ పట్టణముల లెక్కలు వ్రాయబోవు విద్యార్థులారా! దాడి జరిగిన కంప్యూటరును తుడిచివేయకుడు. చట్టము తలుపు తెరచియే యున్నది. సాక్ష్యముతో, సకాలములో చేరినవానికే అది ఉపకరించును.