తీగ మీద కోపంతో చెట్టును చంపకండి

యూఏఈలో గాఫ్ అంటారు. మనూళ్లో జమ్మి అంటాం. చెట్టు మాత్రం ఒక్కటే. యూఏఈకి అది జాతీయ వృక్షం, తెలంగాణకు రాష్ట్ర వృక్షం. దసరాకు జమ్మి ఆకు పంచుకున్న చేతులే ఇవాళ గల్ఫ్ విల్లాల్లో, పార్కుల్లో చెట్లను పెంచుతున్నాయి. ఈ తోటపనిలో మనవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు.. చెట్లకు, కంచె మొక్కలకు అల్లుకునే పాడు తీగలు. 'మందు కొట్టెయ్' అంటాడు సూపర్‌వైజర్. కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి.

బంగారు తీగ అయితే..

ఆకు ఉండదు. పసుపు నూలు పోగుల్లా మొక్కంతా చుట్టేస్తుంది. మన మినుము చేలను పాడుచేసే తీగ జాతే ఇది. ఒకసారి మొక్కను పట్టుకున్నాక దీనికి నేలతో పనిలేదు. కాండంలోకి వేళ్లు దింపి రసం పీల్చుకుని బతుకుతుంది. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు కొడితే అది ఆకుల నుంచి వేరు దాకా దిగుతుంది. తీగతోపాటు మొక్కా చస్తుంది. అందుకే తీగ పట్టిన చోటుకు కాస్త కిందుగా కొమ్మనే కత్తిరించాలి. అదీ పూత రాకముందే. గింజ రాలితే నేలలో పదేళ్లకు పైగా బతికి ఉంటుంది. కోసింది ఎరువు గుంతలో వేయకుండా సంచిలో మూటగట్టి పారేయాలి.

వేరున్న తీగ అయితే..

మొదట్లో కోసి, పైభాగాన్ని చెట్టు మీదే ఎండనివ్వండి. పచ్చిగా లాగితే కొమ్మలు విరుగుతాయి, బెరడు లేస్తుంది. కింద వేరును తవ్వి తీయండి. మళ్లీ చిగురేస్తే మళ్లీ తీయడమే.

మందు తప్పదంటే..

గాలి వీస్తున్నప్పుడు కొట్టొద్దు. తుంపర పక్క మొక్కల మీద పడుతుంది. 2,4-డి రకాల్లో కొన్ని ఎండ వేడికి ఆవిరై దూరంగా ఉన్న చెట్లనూ మాడుస్తాయి. లేత చెట్ల పచ్చి కాండానికి మందు తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. కలుపు మందు పంపును వేరే మందులకు వాడొద్దు.

మీ ఒళ్లు జాగ్రత్త

గ్లైఫోసేట్ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో చెప్పింది. దీని మీద వాదనలున్నా జాగ్రత్త మనదే. గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, మాస్కు అడిగి తీసుకోండి. డబ్బా మీద రాసింది తెలియకపోతే చదివించుకోండి. మందును నీళ్ల సీసాల్లో పోసి గదిలో పెట్టొద్దు, తెలియక ఎవరైనా తాగితే ప్రాణం పోతుంది. పని బట్టలు విడిగా ఉతకండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినట్లున్నా పని ఆపి, బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని ఆస్పత్రికి వెళ్లండి. మందు పేరు డాక్టరుకు చెప్పండి.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషేధం. ఆ వేళ పంపు భుజానికెత్తమంటే ఈ నిబంధన గుర్తుచేయండి.

చెట్టు ఎండితే యజమాని ఇంకోటి నాటించుకుంటాడు. ఊళ్లో మీ ఫోన్ కోసం చూసేవాళ్లకు మాత్రం ఉన్నది మీరొక్కరే.